డిశ్చార్జి బుక్కు ఉందా అమ్మా?

మిలటరీ ఇల్లంటే ఊళ్ళో అందరికీ ఒక లెక్క. పింఛను వస్తుంది, క్యాంటీన్‌లో సామాను చవగ్గా దొరుకుతుంది, దిగి వచ్చాక ఏ కంపెనీ గేటు దగ్గరో సెక్యూరిటీ ఉద్యోగం ఉండనే ఉంటుంది. చాలా ఇళ్ళ విషయంలో ఆ లెక్క నిజమే. లెక్కకు అందని ఇళ్ళు కూడా ఉంటాయని నాకు ఆత్తిపట్టులో తెలిసింది, అదీ సంక్రాంతి ముందర.

మద్రాసు నుంచి గూడూరు వైపు పోయే లోకల్ రైలు ఎన్నూరు దాటాక ఆత్తిపట్టు వస్తుంది. థర్మల్ స్టేషను పొగగొట్టాలు, ఉప్పుకయ్యలు, కుశస్థలి ఏరు. ఈ జిల్లాలో అటు తిరుత్తణి దాకా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఎన్నో. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది కానీ ఇళ్ళల్లో మాట మారలేదు. మద్రాసు రెజిమెంటుకూ, బెంగుళూరులోని మద్రాసు సాపర్లకూ ఈ పక్కనుంచి పోయినవాళ్ళున్నారు.

పండక్కి కొన్ని ఇళ్ళకు సరుకులు ఇద్దామని రిటైరైన వాళ్ళు కొందరు పూనుకుంటే వాళ్ళ వెంట నేనూ వెళ్ళాను. పచ్చిబియ్యం, పెసరపప్పు, బెల్లం, నెయ్యి సీసా, జీడిపప్పు పొట్లం ఒక సంచీలో. ఒక పెద్దామె ఇంట్లో కూర్చోబెట్టి మాకు టీ ఇచ్చింది. పాలు లేని టీ. "పాలు విరిగిపోయినాయి నైనా" అంది. పొయ్యి దగ్గర పాలగిన్నె లేదు, విరిగిన పాల వాసనా లేదు. మాలో ఎవరూ మారు మాట్లాడలేదు.

బియ్యానికి ఆమెకు లోటు లేదు. తమిళనాడులో 2011 నుంచి రేషను బియ్యం ఉచితం. లోటు మిగతావాటికే. కందిపప్పు, నూనె, పాలు, మోకాళ్ళ నొప్పి మాత్రలు. నెలాఖరుకు అన్నంలోకి చింతపండు చారు తప్ప ఇంకేమీ ఉండదు. మన దగ్గర ఆకలి అంటే ఖాళీ కుండ అనుకుంటాం కాబట్టి ఇలాంటి ఇల్లు ఎవరి కంటా పడదు. పైగా గోడకు యూనిఫాం ఫోటో ఉంటే అడిగేవాళ్ళే ఉండరు.

పండగనాడు ఇంకో ఖర్చుంది. పెద్దలకు పెట్టుకోవాలి. గోడ మీది భర్త ఫోటో ముందు ఆకు వేసి, కొత్త పంచె పెట్టి, పొంగలీ వడలూ వడ్డించాలి. "నేను తినకపోయినా ఏం కాదు, ఆయనకు పెట్టకుండా ఉంటానా?" అంది ఆమె. ప్రభుత్వం ఏటా జనవరి 14ను మాజీ సైనికుల దినంగా జరుపుతోంది. 1953లో సైన్యాధిపతి కరియప్ప పదవీ విరమణ చేసిన రోజది. వేదికల మీద శాలువాలు కప్పే ఆ రోజే ఇక్కడ ఒక సిపాయి ఆకులోకి వడలకు నూనె ఎక్కడ అప్పు దొరుకుతుందా అని ఇల్లాలు చూస్తూ ఉంటుంది.

మాతో వచ్చిన సుబేదారుగారు సంచీని గుమ్మం పక్కన పెట్టి దాని ఊసే ఎత్తలేదు. "డిశ్చార్జి బుక్కు ఉందా అమ్మా?" అని మాత్రం అడిగారు. అప్పటిదాకా కొంగు సర్దుకుంటూ ఒదిగి నిలబడిన మనిషి చకచకా లోపలికెళ్ళి ట్రంకుపెట్టె తీసింది. అడుక్కునేవాళ్ళను ఎవరూ బుక్కు చూపించమనరు. హక్కుదారునే అడుగుతారు. నేను ఆ ఇంట్లో నేర్చుకున్నది ఆ ఒక్క ప్రశ్న.

బుక్కులో చిక్కు కనిపించింది. భర్త ఇంటి ఇబ్బందులతో 15 ఏళ్ళు నిండకముందే సర్వీసు వదిలి వచ్చేశాడు, అందుకని పింఛను లేదు. సెలవులో వచ్చి పెళ్ళి చేసుకుని వెళ్ళాడే గాని యూనిట్‌లో ఆ పెళ్ళి నమోదు చేసే పార్ట్ టూ ఆర్డర్ వేయించలేదు. అంటే సైన్యం కాగితాల్లో ఆమె లేనే లేదు. దానికి తోడు ఇక్కడి తెలుగువాళ్ళ అదనపు తంటా ఒకటి. సైన్యంలో ఇంటిపేరు మొత్తం రాస్తారు, తమిళనాడు రేషను కార్డులో తండ్రి పేరు మొదటి అక్షరమే ఉంటుంది. రెండు కాగితాలూ ఒకే మనిషివని రుజువు చేయడానికి అఫిడవిట్లు, సంతకాలు, బస్సు ఛార్జీలు.

ఆమెలాంటి వాళ్ళ కోసమే కేంద్రీయ సైనిక్ బోర్డు పెనూరీ గ్రాంటు ఉంది. పింఛను లేని, 65 ఏళ్ళు దాటిన మాజీ సైనికులకూ వితంతువులకూ, హవల్దారు హోదా వరకు ఇస్తారు. నెలకు 4,000 ఇచ్చేది 2025 అక్టోబరులో 8,000 చేశారు. దానికి డబ్బు సాయుధ దళాల జెండా దినం డిసెంబరు 7న మనం చొక్కాకు తగిలించుకునే చిన్న జెండా నుంచీ వస్తుంది. దరఖాస్తు మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఎనభైకి దగ్గరపడిన మనిషి, బటన్ ఫోను, ఓటీపీ. ఈ పద్ధతి రాసినవాళ్ళు ఒక్కసారి ఉప్పుకయ్యల గట్టు మీదికి వచ్చి చూస్తే బాగుండు.

పింఛను వచ్చే ఇళ్ళకూ గండం లేకపోలేదు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది. వేలిముద్రలు అరిగిపోయిన ముసలివాళ్ళకు మిషను పలకదు. మళ్ళీ సరిచేసుకునేలోపు పండగ వచ్చి వెళ్ళిపోతుంది.

ఇది బీద దేశపు బాధ అనుకోవడానికీ లేదు. అమెరికా సైన్యంలో సర్వీసులో ఉన్నవాళ్ళలోనే దాదాపు నాలుగో వంతు మందికి తిండి భరోసా లేదని ఆ దేశ రక్షణ శాఖ 2022 నివేదికలో చెప్పింది. 2023 జనవరిలో తక్కువ ఆదాయం ఉన్న సైనిక కుటుంబాలకు ప్రత్యేక భత్యం మొదలైంది. అక్కడా చాలామంది పేరు బయటపడుతుందనే అడగరు.

సుబేదారుగారి బృందం ఇప్పుడు నవంబరులోనే బయల్దేరుతోంది. స్మార్ట్‌ఫోను, వేలిముద్రల మిషను, నోటరీ ఖర్చుకు కొంత డబ్బు. సరుకుల సంచీ మానలేదు. పొంగలికి అది కావాలి కదా. జెండా నిధికి చందా ఇచ్చేవాళ్ళను మాత్రం ఇంకొకటి కూడా అడుగుతున్నారు. మీ వీధిలో మిలటరీ ఫోటో ఉండి పింఛను రాని ఇల్లు ఏదైనా ఉందా, ఉంటే ఇంటి నంబరు చెప్పండి అని.