ఎండను మంటనుకున్న బండి

బిలాస్‌పూర్ వేసవి ఎటువంటిదో ఇక్కడి రైల్వే కాలనీలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు చెప్పనక్కరలేదు. ఆ ఎండే మమ్ములను ఓడించింది.

కొన్నేళ్ళ క్రితం స్టోర్సులో కేబుళ్ళు అంటుకున్నప్పుడు, నిప్పు ఎక్కడున్నదో వెదుకుతూ లోపలికి వెళ్ళిన మా సహోద్యోగికి చేతులు కాలాయి. ఆయన నేటికీ టీ గ్లాసును రెండు అరచేతుల నడుమ పట్టుకుంటారు. మనిషికి ముందుగా లోపలికి పోయే వస్తువొకటి ఉండాలన్న పట్టుదల మాకు అప్పుడే కలిగింది. 2019 ఏప్రిల్‌లో పారిస్‌లోని నోత్రదామ్ ప్రార్థనాలయం తగులబడినపుడు కొలోసస్ అనే యంత్రం లోపలికి వెళ్ళి నీరు చిమ్మింది. కాని దానిని దూరం నుండి మనిషే నడపాలి. మేము కోరినది తనంత తాను వెదికి ఆర్పే చౌక బండి.

ఆర్డునో బోర్డు, నాలుగు చక్రాలు, అడ్డంకులను పసిగట్టే అల్ట్రాసోనిక్ సెన్సరు, మంటను గుర్తించే మూడు పరారుణ సెన్సర్లు, చిన్న పంపు, లీటరు నీళ్ళ సీసా. అంతా కలిపి ఒక సైకిలు ఖరీదుకు మించలేదు. పొగ పైకి లేస్తుంది, నేల దగ్గర గాలి కొంత తేటగా ఉంటుంది గనుక బండిని జానెడెత్తుకు మించనీయలేదు. రాత్రి షెడ్డులో వదిలితే సూటిగా వెళ్ళి కొవ్వొత్తిని ఆర్పింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మరునాటి ఉదయం పెద్దల సమక్షంలో అది కొవ్వొత్తి వంక చూడనైనా చూడక, తలుపు సందులోంచి పడిన ఎండచారను చేరి, వట్టి నేల మీద నీళ్ళన్నీ కుమ్మరించింది! అందరూ నవ్వారు. సహోద్యోగి మాత్రం నవ్వలేదు. “ఆనాడు కాలినవి కేబుళ్ళు కదండీ. కరెంటున్న చోట నీళ్ళా?” అన్నారు.

ఇన్ని నెలలూ ఆ ప్రశ్న మాకు తట్టకపోవడం కంటె సిగ్గుచేటు లేదు. పంపును ఆనాడే తీసివేశాము. ఇప్పుడు బండి పని నిప్పును కనుగొని హారన్ మోగించడమే. ఆర్పే మనిషి వెదుకులాట లేకుండా తగిన సిలిండరుతో నేరుగా అక్కడికి వెళతాడు.

ఎండ సంగతి అంత తేలికగా తెగలేదు. చౌక సెన్సర్లు చూసేది 760 నుండి 1100 నానోమీటర్ల కాంతిని. సూర్యకాంతిలో అది పుష్కలం. అతినీలలోహిత సెన్సరు ఎండకు మోసపోదు, కాని ఖరీదెక్కువ, పైగా వెల్డింగు వెలుగుకు మోసపోతుంది. చివరకు, మంట సెకనుకు పలుమార్లు రెపరెపలాడుతుంది గనుక, నిలకడగా ఉన్న వెలుగును లెక్కచేయవద్దని ప్రోగ్రాము వ్రాశాము. తీరా చూస్తే, షెడ్డు పక్క వేపకొమ్మ ఊగితే ఎండ కూడా రెపరెపలాడుతున్నది.

ఈ వేసవిలో మరల పరీక్ష. తలుపుకు గోనెపట్టా వేలాడదీద్దామని కొందరన్నారు. సహోద్యోగి ఒప్పుకోలేదు.