ఇల్లు వచ్చింది సరే, ఊరెప్పుడొస్తుంది?

మాది తనకల్లు. మా వైపు వానలు మొహం చాటేస్తే జనం కదిరి, హిందూపురం, బెంగళూరు బస్సులెక్కేస్తారు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి బెంగళూరొచ్చాను. మా చిన్నమ్మ చాలా ఏళ్ల కిందటే కూలికోసం దగ్గర్లోని ఒక టౌనుకి పోయింది. టిఫిన్ సెంటర్‌లో పని, ఒంటిగది అద్దెల్లు. సొంత గూడు ఉండాలన్నది ఆమెకున్న ఒకే ఒక్క ఆశ.

ఆ ఆశ సగం తీరింది. ప్రభుత్వం స్థలం ఇచ్చింది, ఇంటికి డబ్బు మంజూరైంది, స్లాబ్ కూడా పడింది. ఇప్పుడు మా ఇంట్లో నలుగుతున్న ప్రశ్న ఒకటే. ఆమె అక్కడికి మారాలా, వద్దా?

కాలనీ టౌనుకి ఏడు కిలోమీటర్ల దూరం. టిఫిన్ సెంటర్‌లో పని తెల్లవారుజామున నాలుగున్నరకే మొదలు. ఆ టైంలో అక్కడ ఒక్క ఆటో కూడా కనబడదు. "ఇల్లు బాగుండాది నాయనా, పొద్దున్నే పనికి ఎట్ల పోవల్ల?" అని ఫోన్లో అడిగింది. మారితే పని పోతుంది. మారకపోతే సొంతింటికి తాళం వేసి, అద్దె కడుతూనే ఉండాలి.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. 1987లో అహ్మదాబాద్‌లో బీడీలు చుట్టే ఆడవాళ్లకి లాటరీ తీసి ఊరి చివర ఇళ్లిచ్చారు. ఆ ఇళ్లు సిటీ సెంటర్‌కి దాదాపు 12 కిలోమీటర్లు. 14 ఏళ్ల తర్వాత పరిశోధకులు వెళ్లి చూస్తే, లాటరీ తగిలినవాళ్లలో 34 శాతం అసలు ఆ ఇళ్లకి మారనేలేదు. మరో 32 శాతం మారి, తర్వాత వదిలేసి వచ్చేశారు. అక్కడికి వెళ్లినవాళ్ల ఇల్లు మెరుగైంది గానీ ఆదాయం పెరగలేదు. కష్టమొస్తే చేబదులిచ్చే చుట్టాలు, ఇరుగుపొరుగు దూరమయ్యారు.

లోపం ఎక్కడుంది? డబ్బు వచ్చే పద్ధతి చూడండి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం 2015 జూన్‌లో మొదలైంది. సొంత స్థలంలో కట్టుకునేవాళ్లకి కేంద్రం వాటా లక్షన్నర. 2024లో మొదలైన రెండో విడత లక్ష్యం ఇంకో కోటి కుటుంబాలు. పునాది, గోడలు, స్లాబ్, ఇలా పని ముందుకెళ్లేకొద్దీ బిల్లు వస్తుంది. ప్రతి దశలోనూ ఇంటి ఫొటో తీసి లొకేషన్‌తో అప్‌లోడ్ చేస్తారు. ఇంజినీర్‌గా ఈ పద్ధతి నాకు నచ్చుతుంది, ఎందుకంటే దొంగ లెక్కలు రాయడం కష్టం. కానీ ఫొటోలో గోడ కనబడుతుంది, మొదటి బస్సు ఎన్నింటికో కనబడదు. మా ఆఫీసులో కోడ్ రాసేస్తే పని అయిపోయినట్టు కాదు, జనం వాడితేనే అయినట్టు. ఇంటికీ అదే లెక్క.

అలాగని అంతా అధికారుల తప్పనీ అనలేం. టౌను నడిబొడ్డున భూమి ధర ఆకాశంలో ఉంటుంది. ప్రభుత్వానికి అందుబాటులో దొరికే భూమి శివార్లలోనే ఉంటుంది. ఒకేచోట వందల ఇళ్లు కట్టాలంటే అటే పోవాలి.

అయితే ఇంకో దారి మన తెలుగు నేల మీదే నడిచింది. 1967లో హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ పట్టణ సమాజాభివృద్ధి ప్రాజెక్టు మొదలుపెట్టింది. తర్వాత యునిసెఫ్ కూడా సాయం చేసింది. సిబ్బంది బస్తీల్లో తిరిగి, ముందు ఏం కావాలో అక్కడి జనాన్నే అడిగారు. బాలవాడీలు, కుట్టు సెంటర్లు అలా వచ్చాయి. ఇళ్ల వంతు వచ్చినప్పుడు చాలా బస్తీల్లో జనాన్ని కదిలించలేదు. ఉన్నచోటే పట్టాలిచ్చి, అప్పులిప్పించి, వాళ్లచేతే కట్టించారు. దాంతో పనికెళ్లే దారీ, పక్కింటి మనిషీ పోలేదు.

అన్నిచోట్లా ఇది కుదరదు. చెరువు గర్భంలోనో, రైలు పట్టాల పక్కనో ఉన్నవాళ్లని మార్చక తప్పదు. అప్పుడైనా ముందే అడగొచ్చు కదా. ఆవాస్ యోజన నిబంధనల్లోనే, ప్రతి టౌనూ డిమాండ్ సర్వే చేసి ప్రణాళిక వేసుకోవాలని ఉంది. ఆ సర్వేలో "నీకు ఇల్లుందా?" అనే ప్రశ్నతో పాటు "ఏ టైంకి, ఎక్కడికి పనికి పోతావు?" అని కూడా అడిగితే చాలు. బస్సు, నీళ్లు, బడి, రేషన్ షాపు ఎక్కడ పెట్టాలో సగం అక్కడే తేలిపోతుంది.

ఈ మధ్య చిన్నమ్మ ఒక మంచి కబురు చెప్పింది. ఆ కాలనీలో చేరిన ఆరుగురు ఆడవాళ్లు కలిసి నెలకింత అని తెల్లవారుజాము ఆటో మాట్లాడుకుంటున్నారట. ఏడో మనిషిగా ఈమెని పిలిచారు. కాకపోతే జీతంలో ఎంత ఆటోకి పోతుందో లెక్క ఇంకా తేలలేదు. అందుకే అద్దె గది ఇంకా ఖాళీ చేయలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా స్థలం వస్తే పట్టా కాగితంతో సెల్ఫీ దిగండి, తప్పులేదు. కానీ అదే వారం తెల్లవారుజామున ఒకసారి ఆ స్థలం నుంచి వాళ్లు పనిచేసే చోటికి వెళ్లి చూడండి. ఎంత టైం పట్టింది, ఎంత ఖర్చైంది, దారిలో లైట్లున్నాయా అన్నీ రాసుకోండి. పదిమంది లెక్కలు కలిపి వార్డు సచివాలయంలో అర్జీ పెట్టండి. ఇల్లు కట్టడానికి డబ్బు ప్రభుత్వం ఇస్తుంది. అక్కడ బతకడానికి ఏం కావాలో చెప్పాల్సింది మాత్రం మనమే.