ఖాళీ కుర్చీ

ఈ సంగతి వ్రాయుటకు చాలా దినములు సంకోచించితిని. ముప్పది ఐదేండ్లు సంఘ పెద్దగా నుండి, ఏనాడును కల్లు పాక గడప త్రొక్కనివాడని ఊరిలో పేరు తెచ్చుకొనిన నేను, డెబ్బది మూడవ యేట లండను నగరములో ఒక పానశాలలోనికి వెళ్లి గంటన్నరసేపు కూర్చుండి వచ్చితిని. నీవు కోపగించుకొనకుము. కడవరకు చదివి, తరువాత నాకు తీర్పు తీర్చుము.

2022వ సంవత్సరము అక్టోబరు నెలలో మా అమ్మాయి ఇంటికి వెళ్లితిని. అమ్మాయి అక్కడ నర్సు. అల్లుడుగారు పనిచేయు కచేరి హాటన్ గార్డెన్ అను వీధికి దగ్గర. అది వజ్రముల వర్తకుల వీధి. ఒక సాయంకాలము ఆయన నన్ను తనతో తీసికొనిపోయి, “మామయ్యగారూ, మీకు పాత కట్టడాలంటే ఇష్టం గదా, ఈ వెనకాల ఒకటి చూపిస్తాను రండి” అనెను.

మొదట ఒక దేవాలయము చూపెను. ఈలీ అను పట్టణపు బిషప్పులు లండనుకు వచ్చినప్పుడు దిగుటకు ఒకప్పుడు అక్కడ వారికి గొప్ప భవనముండెడిది. ఆ భవనము పోయినది. దానిలోని ప్రార్థనాలయము మాత్రము మిగిలినది. 13వ శతాబ్దములో కట్టిన ఆ రాతి గోడల మధ్య కొంచెముసేపు మౌనముగా కూర్చుంటిమి. బయటికి వచ్చిన తరువాత, అల్లుడుగారు నన్ను రెండు మేడల నడుమ నున్న ఒక సందులోనికి తీసికొనిపోయెను. ఎదురుగా మనిషి వచ్చిన ఒకరు ప్రక్కకు ఒదిగి నిలువవలసినంత ఇరుకు సందది. నడుమ ఒక దీపము, దాని క్రింద ఒక తలుపు, గోడలో బిషప్పు టోపీ చెక్కిన రాయి, దానిమీద 1546 అను అంకెలు.

“ఇది కూడ దేవాలయమేనా బాబూ?” అని అడిగితిని.

అల్లుడుగారు కొంచెము తడబడి, “కాదండి, ఇది పబ్బు. మీకు ఇష్టం లేకపోతే వెళ్లిపోదాం” అనెను.

చదువరీ, నా కాళ్లు అక్కడనే ఆగిపోయెను. ఆ సందులో నాకు కనబడినది లండను కాదు. మా ఊరి కాలువ గట్టున తాటితోపులో నున్న కల్లు పాక కనబడెను. దాని ముందు నేలమీద కూర్చుండిన మా తమ్ముడు కనబడెను. అతని సంగతి తరువాత చెప్పుదును. వాన పట్టుకొనెను, చలి వేయుచుండెను. “పద బాబూ” అంటిని.

లోపల రెండు చిన్న గదులు. గోడలకు నల్లబడిన చెక్క పలకలు. పాటల పెట్టె లేదు, గోల లేదు. మనుష్యులు మెల్లగా మాటలాడుకొనుచుండిరి. పబ్బు అనునది ‘పబ్లిక్ హౌస్’ అను మాటకు పొట్టిపేరనియు, అందరి ఇల్లు అని దాని భావమనియు అల్లుడుగారు చెప్పెను. ఆ స్థలములో మొదటి సత్రమును 1546లో గుడ్రిచ్ అను బిషప్పు తన భవనములోని నౌకరుల కొరకు కట్టించెనట. దొరలకు పెద్ద చావడులుండెను. పని ముగించిన వంటవానికిని గుఱ్ఱపువానికిని కూర్చుండుటకు చోటులేదు గనుక వారికొక చోటు ఏర్పడెను. ఇప్పుడున్న కట్టడము 1772 ప్రాంతములో తిరిగి కట్టినది. ‘ఓల్డ్ మైటర్’ అని దాని పేరు. మైటరనగా బిషప్పు తలపై ధరించు టోపీ. ముందు గదిలో ఒక మూల అద్దము వెనుక ఒక పాత చెఱ్ఱీ చెట్టు మ్రాను నిలిచియున్నది. బిషప్పుగారి నేలకును, ఎలిజబెత్ రాణి కొలువులోని హాటను దొర నేలకును అది హద్దుచెట్టట. చెట్టు కొట్టివేయక దాని చుట్టు గోడ కట్టుకొనిరి.

అచ్చట బల్లయొద్దకు వచ్చి అడుగువారుండరు. ఎవరికి కావలసినది వారే గల్లాబల్ల దగ్గరకు పోయి తెచ్చుకొనవలెను. బీరు పీపాలు నేలమాళిగలో నుండును. గల్లాబల్లమీదనున్న పొడవాటి పిడిని మన చేతిపంపు వలె లాగిన యెడల అది పైకి వచ్చును. ‘పైంటు’ అని వారి కొలత, 568 మిల్లీలీటర్లు. గాజు గ్లాసుమీద ఆ కొలతకు సర్కారు గుర్తు ఉండవలెనని చట్టము. నేను నారింజరసము అడుగుమంటిని. నన్ను చూచి ఎవరును నవ్వలేదు. గల్లాబల్ల వెనుకనున్న స్త్రీ దానిని కూడ అంతే మర్యాదతో ఇచ్చెను.

మరియొక వాడుకను గమనించితిని. నలుగురు స్నేహితులు వచ్చిన యెడల ఒక్కొక్కరు తమ వంతుగా నలుగురికి కొనవలెను. చూచుటకిది ఔదార్యమే. అయితే ఒక్కటి చాలుననుకొని వచ్చినవాడు, మిగిలిన ముగ్గురి వంతులు ముగియువరకు నాలుగు త్రాగవలసి వచ్చును. సాతాను ఎప్పుడును కోరలతోనే రాడు. ఒక్కొక్కప్పుడు మర్యాద చేయి పట్టుకొని వచ్చును.

మేము కూర్చుండిన బల్లకు ప్రక్కగా గోడవారను ఒక కుర్చీ ఖాళీగా నుండెను. చోటు చాలక జనులు నిలుచుండి త్రాగుచున్నను దానిలో ఎవరును కూర్చుండలేదు. ఆ స్త్రీ గ్లాసులు తీయుటకు వచ్చి, ఆ కుర్చీని చూచి, దగ్గరనున్న ఒక పెద్దమనిషితో ఏదో చెప్పెను. అల్లుడుగారు నాకు ఆ మాటలు తెలిపెను: “ఆ ముసలాయన సోమవారం నుంచి రాలేదట. ఇవాళ గురువారం. ఎవరైనా వెళ్లి చూశారా అని అడుగుతోంది.”

ఆ పెద్దమనిషి లేచెను. తన గ్లాసు సగము నిండియుండెను. దానిని అట్లే బల్లమీద విడిచి, కోటు తొడుగుకొని, వానలోనికి వెళ్లెను. దాదాపు అరగంటయైన తరువాత తడిసి తిరిగివచ్చెను. జ్వరముతో పడియున్నాడనియు, తలుపు తీసెననియు, లోనికి పోయి టీ కాచియిచ్చి వచ్చితిననియు చెప్పెను. ఆ స్త్రీ ఒక గిన్నెలో సూపు పోసి మూతపెట్టి పంపెను. అంతే, చదువరీ. ఎవరును ప్రసంగము చేయలేదు. మరల మాటలలో పడిరి. అయితే నేను నా నారింజరసమును మ్రింగలేకపోతిని.

ఇప్పుడు మా తమ్ముని సంగతి చెప్పవలెను.

అతడు తాపీ పనివాడు. మా దేవాలయము అరుగు అతని చేతితో కట్టినదే. ఆదివారము పాటలకు డోలక్కు వాయించువాడు. భార్య కాన్పులో చనిపోయిన తరువాత అతడు పాకకు పోవ మొదలుపెట్టెను. మొదట కల్లు, తరువాత సారా. సంఘము రెండు మారులు హెచ్చరించి, పిమ్మట ప్రభువు బల్లకు అతనిని దూరముగా నుంచెను. ఆ తీర్మానమును సంఘపు పుస్తకములో వ్రాసినది నేనే. నా చేతివ్రాత బాగుండునని అందరు అనెడివారు. ఆ దినమున అక్షరములు మరింత గుండ్రముగా వ్రాసితిని. సొంత తమ్ముడని కూడ చూడలేదని పెద్దలు నన్ను మెచ్చుకొనిరి. ఆ మెప్పు నాకు తియ్యగా నుండెను.

తరువాత ఆదివారములలో చాపమీద అతని చోటు ఖాళీగా నుండెడిది. కొన్ని వారములకు జనులు సర్దుకొని కూర్చుండగా ఆ ఖాళీ కూడ కనబడకపోయెను. “అతడేడి?” అని ఎవరును అడుగలేదు. నేనును అడుగలేదు.

1991వ సంవత్సరములో ఒక శనివారము సాయంకాలము గొడుగు పట్టుకొని గట్టుమీదుగా కూటమునకు పోవుచుంటిని. పాక ముందు కూర్చుండిన తమ్ముడు నన్ను చూచి లేచి, “అన్నయ్యా, ఒక్క మాట” అనెను. పాక దగ్గర నిలుచుండుట ఎవరైన చూతురేమోయని, గొడుగు ఆవైపునకు వంచి, నడిచిపోతిని. వెనుకనుండి మరియొకసారి “అన్నయ్యా” అనెను. ఆ రాత్రి కూటములో ప్రార్థన చేసినది నేనే. పది దినములకు అతడు ఆస్పత్రిలో చనిపోయెను. ఆ ఒక్క మాట యేదో నాకు నేటివరకు తెలియదు.

చదువరీ, త్రాగుడు మంచిదని చెప్పుటకు ఈ వ్యాసము వ్రాయుట లేదు. ఆ రాత్రియే రైలు స్టేషను మెట్లమీద ఒక పడుచువాడు ఒడలు తెలియక పడియుండుటయు, వాని ప్రక్కన ఒక చిన్నది ఏడ్చుచుండుటయు చూచితిని. ఆ దేశస్థులకు దాని కీడు తెలియనిది కాదు. 1832లో ప్రెస్టను పట్టణములో ఏడుగురు మనుష్యులు మద్యము ఇక ముట్టమని వ్రాలు చేసిరి. ఆ ప్రతిజ్ఞ దేశమంతటను ప్రాకెను. మన నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో చీపుళ్లు పట్టి సారా కొట్లకు అడ్డము నిలిచిన సంగతి నీకు తెలియును. 1993లో సారా నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధమును వచ్చెను. 1997లో ఆ నిషేధము సడలెను. ఆ తల్లులు చేసినది గొప్ప కార్యము. వారి కన్నీటికి నేను తల వంచుచున్నాను. అయితే శాసనములు వచ్చెను, పోయెను. పాక ముందు కూర్చుండిన మనుష్యుడు మాత్రము అక్కడనే యుండెను. వానియొద్దకు పోవలసిన వారెవరు?

1865వ సంవత్సరములో విలియం బూతు అను బోధకుడు అదే లండనులో, తూర్పు దిక్కున వైట్‌చాపెల్ వీధిలో, ‘బ్లైండ్ బెగ్గర్’ అను పబ్బు ముందు నిలుచుండి బోధించెను. రక్షణ సైన్యము ఆ వీధులలోనే పుట్టినది. త్రాగువారు గుడికి వచ్చువరకు ఆయన గుడిలో కూర్చుండలేదు. వారున్న తలుపు దగ్గరకు పోయెను. ఆయన త్రాగలేదు, త్రాగుటను ఒప్పుకొననులేదు, అయినను వెళ్లెను. మన ప్రభువును ఆయన శత్రువులు దేని నిమిత్తము నిందించిరో జ్ఞాపకము చేసికొనుము. కూర్చుండకూడని వారితో కూర్చుండి భోజనము చేసెనని గదా! నా మీద అట్టి నింద నా జీవితములో ఒక్కటియు పడలేదు. దానిని నేను పరిశుద్ధత అనుకొంటిని.

ఆ పబ్బులో ఒక కుర్చీ మూడు దినములు ఖాళీయైన యెడల అడుగువారుండిరి. సగము గ్లాసు విడిచి వానలోనికి పోవువాడుండెను. మా సంఘములో ఒక చాప చోటు రెండేండ్లు ఖాళీగా నుండెను. మేము పాటలు పాడుకొనుచుంటిమి. ఆ సంగతి తలంచినప్పుడు నేటికిని నాకు సిగ్గు కలుగును.

ఊరికి తిరిగివచ్చిన తరువాత కాపరిగారికి ఈ సంగతి చెప్పితిని. ఆయన చాలాసేపు మాటలాడలేదు. పిమ్మట, “పంతులుగారూ, సంఘపు పుస్తకములో తీసివేసిన పేర్లన్నియు ఒక కాగితముమీద వ్రాసి నాకిమ్ము” అనెను. పదునాలుగు పేర్లు తేలెను. వారిలో అయిదుగురు సమాధులలో నున్నారు. తొమ్మండుగురు ఊరిలోనే యున్నారు.

ఇప్పుడు శనివారము సాయంకాలమున నేను గట్టుమీదికి పోవుచున్నాను. పాకలోనికి పోను, అక్కడిది ఏమియు ముట్టను. ఎదుట పడియున్న తాటిమొద్దుమీద కూర్చుందును. మొదటి రెండు వారములు ఎవరును దగ్గరకు రాలేదు. నన్ను చూచి ముంతలు దాచుకొనిరి. పెద్దలలో ఒకరిద్దరు, “ఈయనకు ముసలితనములో ఇదేమి బుద్ధి?” అని గొణిగిరి. వారిపై నాకు కోపము లేదు. నేనైనను అంతే అందును. మూడవ వారమున ఒకడు వచ్చి, పింఛను కాగితము చదివిపెట్టుమని అడిగెను. చదివితిని. మరుసటి వారమున వాడే వచ్చి, తన కుమారుడు రెండేండ్లుగా ఇంటికి రాలేదని చెప్పి ఏడ్చెను. వాడు ఇంకను త్రాగుచునే యున్నాడు. దేవాలయమునకు ఇంకను రాలేదు. అయితే “పంతులుగారూ, ఒక్క మాట” అని వాడు పిలిచినప్పుడు నేను నిలుచుచున్నాను.

ప్రియ చదువరీ, రాబోవు ఆదివారమున నీవు చాపమీద కూర్చుండినప్పుడు కన్నులు మూయకముందు ఒకసారి అటు ఇటు చూడుము. ఎవరి చోటు ఖాళీగా నున్నది? జనులు సర్దుకొని కూర్చుండుటచేత ఎవరి చోటు కనబడకుండ పోయినది? ఆ పేరు నీకు తట్టిన యెడల, కూటము ముగియగానే ఆ యింటికి పొమ్ము. బుద్ధి చెప్పుటకు పోవద్దు. జ్వరమున్నదేమో చూడుము, గంజియైనను కాచి ఇమ్ము. అతడు “ఒక్క మాట” అనిన యెడల, నీ గొడుగు వంచుకొనక, ఆ మాట వినుము.