ఎవరి చేతి కొలతకి ఈ పానా?

తెలుగు కథల్లో స్త్రీల చేతుల్లో ఏ వస్తువులుంటాయో రాసుకుంటూ పోవడం నా పరిశోధన రోజుల్లో అలవాటైంది. సిద్ధాంత వ్యాసంలోకి ఎక్కని నోట్సు అది. చీపురు, చేట, అలుకు గుడ్డ, కత్తిపీట, కవ్వం, పట్టకారు, అట్లకాడ, జంతికల గొట్టం, కొబ్బరి కోరాం... పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇల్లు అలికీ అలికీ తన పేరే మర్చిపోతుంది. విమల 'వంటిల్లు' కవిత మనలో ఎంతమందిని కుదిపేసిందో ఈ పత్రిక చదివేవాళ్ళకి చెప్పనక్కర్లేదు. చాలా కాలం తర్వాత ఆ జాబితా మళ్ళీ తీసి చూస్తే ఒక సంగతి తోచింది. వీటిలో చాలావరకు ఒకే ఒక్క పని కోసం పుట్టిన వస్తువులు. వేడి గిన్నె దించడానికి తప్ప పట్టకారు ఇంకెందుకూ పనికిరాదు. జంతికల గొట్టానికి జంతికలే తెలుసు. అయినా వీటిని మనం పనిముట్లు అనం, 'వంట సామాను' అంటాం. పనిముట్లంటే రంపం, బాడిస, సుత్తి, పానా. పనిముట్టు పట్టుకుంటే పనివాడు. సామాను పట్టుకుంటే ఇల్లాలు.

ఈ ఆలోచనే నన్ను మెకానిక్ షెడ్డు దాకా నడిపించిందని చెప్తే బావుంటుంది గానీ అది నిజం కాదు. నన్నక్కడికి తీసుకెళ్ళింది నా సెకండ్‌హాండ్ ఆల్టో. నేను వెళ్ళగానే కుర్చీ తుడిచి వేస్తారు, టీ తెప్పిస్తారు. మర్యాదకి లోటు లేదు. బానెట్ దగ్గరికి వెళ్ళి నిలబడితే మాత్రం, "మీరు కూర్చోండి మేడం, చేతులు మసవుతాయి" అంటారు. కట్టెల పొయ్యి మీద నల్లబడ్డ గిన్నెలు ముప్పై ఏళ్ళు తోమిన మా అమ్మ చేతుల గురించి ఎవరైనా ఇలా దిగులుపడగా నేనెప్పుడూ వినలేదు.

ఆడవాళ్ళు కారు పని చెయ్యలేరనడానికి అందరూ చెప్పే కారణం ఒకటే, బలం. నట్లు విప్పాలంటే బలం కావాలి. ఈ మాటని నేనూ చాలాకాలం కొట్టిపారెయ్యలేదు. 2018లో ఒక సెమినార్‌కి స్నేహితురాలితో కలిసి గుంటూరు వెళ్తుంటే పిడుగురాళ్ళ దాటాక టైరు పంచరైంది. పొద్దు గుంకుతోంది. స్టెప్నీ వుంది, జాకీ వుంది, కారుతో పాటిచ్చిన వీల్ పానా వుంది. టైరు మార్చడం నాకు తెలుసు. కానీ నట్టు కదల్లేదు. అంతకు ముందు వారమే ఒక పంచరు షాపులో, గాలితో తిరిగే గన్ను పెట్టి వాటిని బిగించారు. ఇద్దరం కలిసి నొక్కాం. నేను పానా కాడ మీదెక్కి నిలబడ్డాను. ఊహూ. దూరంగా ఆగివున్న లారీ నుంచి క్లీనరు వచ్చాడు. పద్ధెనిమిదేళ్ళుంటాయేమో, నాకంటే సన్నగా వున్నాడు. ఒకసారి చూసి వెనక్కి వెళ్ళి బారెడు ఇనప పైపు తెచ్చాడు. దాన్ని పానా కాడకి తొడిగి ఒక్క చేత్తో వంచాడు. నట్టు కిర్రుమని తిరిగింది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, "బలం కాదక్కా, పొడుగు" అన్నాడు. మిగిలిన మూడు నట్లూ నేనే విప్పాను.

ఇంటికొచ్చాక లెక్క వేసుకున్నాను. చిన్న కార్ల చక్రం నట్టు బిగింపు 100 న్యూటన్ మీటర్లకి కాస్త అటూ ఇటూగా వుంటుంది. పానా కాడ 25 సెంటీమీటర్లుంటే, అంత తిప్పుడు బలం రావడానికి చివర్లో దాదాపు 40 కిలోల బరువుతో నొక్కాలి. కాడ 50 సెంటీమీటర్లయితే 20 కిలోలు చాలు. మీటరు పొడుగు పైపు తొడిగితే 10 కిలోలు. గన్నుతో బిగించిన నట్టుకి ఇంకా ఎక్కువే కావాలి, కానీ లెక్క మారదు. పది కిలోలంటే నిండు బిందె కంటే తక్కువ. అలాంటి బిందెల్ని చంకనెత్తుకుని మన అమ్మమ్మలు చెరువు నుంచి ఇంటికి నడిచారు. వాళ్ళని బలవంతులని ఎవరూ అనలేదు. అంటే నాకు లేదని చెప్పిన 'బలం' నా కండల్లో లేకపోవడం కాదు, డిక్కీలో ఆ పొట్టి కాడ వుండడం. ఖర్చూ జాగా కలిసొస్తాయని దాన్నలా కోసి వుంటారు. అయితే ఎవరి చేతి బలాన్ని లెక్కేసి 'ఇంత చాలు' అనుకున్నారు?

సింథియా కాక్‌బర్న్ 1983లో రాసిన 'బ్రదర్స్' మనలో కొందరైనా చదివేవుంటారు. లండన్ వార్తాపత్రికల్లో అచ్చు కంపోజిటర్లుగా పనిచేసిన మగవాళ్ళు, తమ పనిలోకి ఆడవాళ్ళు రాకుండా ఎలా కాపలా కాసుకున్నారో, సీసం అక్షరాలు పోయి కంప్యూటర్ కీబోర్డు రాగానే తమ మగతనమే పోయినట్టు ఎలా కంగారుపడ్డారో అందులో వుంది. ఆడా మగా శరీరాల మధ్య వున్న కొద్దిపాటి తేడాని పనిముట్ల తయారీతో, బరువుల కొలతతో పెద్ద తేడాగా మారుస్తారన్నది ఆవిడ వాదన. గడ్డి మోపు ఎంతుండాలి, సిమెంటు బస్తా ఎంతుండాలి అనేవి ప్రకృతి పెట్టిన కొలతలు కావు. మన దేశంలో సిమెంటు బస్తా 50 కిలోలని ఎవరో కూర్చుని నిర్ణయించినదే.

నేను పైపు సిద్ధాంతంతో తృప్తి పడలేదు. ఆ తర్వాత నెల సికింద్రాబాద్ రాణీగంజ్ వెళ్ళాను. కౌంటర్ వెనకాయన, "సార్ ఏ సైజు తెమ్మన్నారమ్మా?" అనడిగాడు. సార్ లేరనీ, సైజు నాకే తెలుసనీ చెప్తే కాస్త ఇబ్బందిపడ్డాడు. ఆ తర్వాత మాత్రం గంటసేపు విసుక్కోకుండా ఒక్కొక్కటీ తీసి చూపించాడు. పనిముట్ల మీద ప్రేమ వున్నవాళ్ళకి వినేవాళ్ళు దొరకడమే కరువు.

ప్లగ్ పానా చూడండి. చాలా ఇంజిన్లలో స్పార్క్ ప్లగ్ లోతైన గుంటలో కూర్చుని వుంటుంది. మామూలు గోటీ పానాతో విప్పగలం కానీ పైకి తియ్యలేం, జారిపోతుంది, పింగాణీ పగిలిందంటే ప్లగ్ పోయినట్టే. అందుకని ప్లగ్ పానా లోపల చిన్న రబ్బరు కట్టు అమర్చారు. అది ప్లగ్ మెడని మెత్తగా పట్టుకుని పైకి తెస్తుంది. ఇంకొకటి, బ్రేకు ఆయిలు పైపు నట్టు కోసం చేసిన పానా. ఆ నట్టు మధ్యలోంచి పైపు వెళ్తుంది కాబట్టి రింగ్ పానా తొడగడం కుదరదు. నోరు తెరిచివున్న పానా పెడితే ఆరు పక్కల్లో రెండింటినే పట్టుకుంటుంది, మెత్తటి నట్టు అంచులు అరిగి గుండ్రమైపోతుంది. ఎవరో ఆలోచించి రింగ్ పానాకే ఒక పక్క పైపు దూరేంత సందు కోశారు. ఎంత అందమైన ఆలోచన! ఆ పానా చేతిలో తిప్పుతూ, మంచి వాక్యం చదివినప్పటిలా కాసేపు అలాగే నిలబడిపోయాను. ఇంజిన్ సందుల్లో పడ్డ నట్టుని పైకి లాగడానికి, రేడియో ఏరియల్‌లా సాగే కడ్డీ చివర అయస్కాంతం. ఆయిలు ఫిల్టరు చేతికి జారిపోతుందని దానికి పట్టీ వేసి తిప్పే పానా.

టార్క్ రెంచి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అందులో ఎన్ని న్యూటన్ మీటర్లు కావాలో పెట్టుకుని నట్టు బిగిస్తే, ఆ కొలత రాగానే 'టిక్' మంటుంది. అక్కడ ఆపెయ్యాలి. ఇంకా నొక్కితే మర చెడుతుంది. అల్యూమినియం ఇంజిన్‌లో ప్లగ్ అతిగా బిగిస్తే గాడి అరిగి, ఆ రిపేరు ఖర్చు తలచుకుంటేనే గుండె గుభేలుమంటుంది. బలమే అర్హత అనుకునే చోట, బలం ఎక్కువైతే పని పాడవుతుందని చెప్పే పనిముట్టు ఇది. మా షెడ్డులో దాన్ని వాడగా నేను చూడలేదు. "మా చేతికే తెలుస్తది మేడం" అంటారు. నిజంగా తెలిసిన చేతులూ వున్నాయి, కాదనను. ఉప్పు ఎంత వెయ్యాలో తెలిసిన చేతుల్లాంటివి. కాకపోతే ఆ చేతుల్ని నైపుణ్యం అంటారు, ఈ చేతుల్ని అలవాటు అంటారు.

ఆ కొట్లో గోడ నిండా వేలాడుతున్న వందల పానాలని చూస్తుంటే నాకనిపించింది ఇది. ప్రతి ప్రత్యేకమైన పనిముట్టు వెనకా 'ఇక్కడ కష్టంగా వుంది' అని ఎవరో అన్న మాట వుంది, దాన్ని విని నమ్మినవాళ్ళున్నారు. చెయ్యి పట్టడం లేదా, కాడ వంచుదాం. జారుతోందా, రబ్బరు వేద్దాం. మగవాళ్ళ మోచేతికి కలిగిన ప్రతి చిన్న ఇబ్బందికీ ఒక ఇనప జవాబు. అలా పనిముట్టు అడిగినవాణ్ణి బద్ధకస్తుడని ఎవరూ అనలేదు. మిక్సీ కొనుక్కున్న ఆడదాన్ని మాత్రం, 'మా కాలంలో రోట్లో రుబ్బేవాళ్ళం' అని ఇప్పటికీ అంటూనే వున్నారు.

పోచంపల్లి పట్టుచీర నేతలో ఆసు పోసే పని ఇంటి ఆడవాళ్ళది. అర్ధచంద్రాకారంలో వున్న మేకుల చుట్టూ దారాన్ని ముందుకీ వెనక్కీ తిప్పాలి. ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. భుజాలు పడిపోయేవి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి పడుతున్న బాధ చూడలేక ఏళ్ళ తరబడి కుస్తీపట్టి, 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. అంతా సంతోషమే. కానీ నాకు ఆ 1999 అనే అంకె గొంతులో అడ్డం పడుతుంది. బ్రేకు పైపు నట్టుకి కూడా ప్రత్యేకంగా ఒక పానా వున్న లోకంలో, తరాల తరబడి ఆ భుజాల నొప్పి ఎవరికీ ఇంజనీరింగ్ సమస్యగా కనిపించలేదు. అది మగ్గానికి ముందు జరిగే ఇంటిపని, అంతే. చివరికి కనిపించింది కూడా ఒక కొడుక్కి, ప్రేమ వల్ల.

ఒక అపార్థానికి చోటివ్వకూడదని ఇది కూడా చెప్తున్నాను. పిడుగురాళ్ళ సాయంత్రం తర్వాత ఏడాదికి, 2019 నవంబరులో, శంషాబాద్ దగ్గర స్కూటరు టైరుకి గాలి తీసేసి, సాయం చేస్తామని వచ్చినవాళ్ళు ఏం చేశారో మనందరికీ తెలుసు. అది విన్న రాత్రి నాకు ఆ లారీ క్లీనరు గుర్తొచ్చాడు. అతను మంచివాడు కావడం నా అదృష్టం మాత్రమే. ఆ తర్వాత నెలల తరబడి అమ్మాయిలకి దొరికిన సలహాలన్నీ ఒకటే, బయటికి వెళ్ళకండి. పానా దగ్గరుంటే బతుకుతామని నేను రాయడం లేదు. అలా రాస్తే ఆ బాధ్యత కూడా ఆడవాళ్ళ డిక్కీలోకే తోసేసినట్టవుతుంది. నేనడిగేది చాలా తక్కువ. రోడ్డు మీద ఆగిపోయినప్పుడు ఎవరి దయ కోసమూ చూడకుండా నా పని నేను చేసుకోగలిగే పొడుగు కాడ ఒకటి.

ఈ వ్యాసం ఇక్కడితో ఆపేస్తే నాకు హాయిగా వుండేది. కానీ షెడ్డుకి తరచూ వెళ్ళడం మొదలయ్యాక కుర్చీలోంచి కనిపించనిది కనిపించింది. నా చేతులు చిన్నవి, మగవాళ్ళ కొలతకి చేసిన పానాలు వాటికి పెద్దవి అని నేను వాపోతుంటాను కదా. ఇంజిన్ సందుల్లో చిన్న చేతులే పనికొస్తాయి. అవి షెడ్డులో వున్నాయి. వాణ్ణి అందరూ 'చిన్నోడు' అంటారు. వయసడిగితే యజమాని పదహారన్నాడు, మొహం పన్నెండు అంటోంది. 2016 సవరణ తర్వాత పద్నాలుగు దాటని పిల్లల్ని షెడ్డులో పెట్టుకోవడం నేరం. ఏ బస్తీల పిల్లలు ఇలా షెడ్లకొస్తారో మనకి తెలియనిది కాదు. నాకు పానా పట్టడం ఒక ఇష్టం, ఒక వాదన. చదువు, జీతం వున్నాయి కాబట్టి మసి కడుక్కుని వచ్చి ఇలా వ్యాసం రాసుకోగలను. వాడికి మసి కడుక్కునే వీలు రాత్రి తొమ్మిదికి గానీ దొరకదు.

ఒకరోజు నా కారులోనే ఒక నట్టు జారి ఇంజిన్ వెనక్కి పడింది. "రేయ్ చిన్నా, చెయ్యి పెట్టు" అని కేకేశాడు యజమాని. అప్పుడే ఆపిన ఇంజిన్, ఇంకా కాలుతోంది. వాడు చొక్కా చెయ్యి పైకి మడిచి, మొహం పక్కకి తిప్పుకుని, చెయ్యి దూర్చి నట్టు తీసిచ్చాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా సన్నటి పాత మచ్చలు, ఒకదాని పక్కన ఒకటి. మరుసటి వారం రాణీగంజ్‌లో రెండొందల లోపు పెట్టి ఇంకో అయస్కాంతం కడ్డీ కొని షెడ్డులో ఇచ్చాను. యజమాని దాన్ని సాగదీసి చూసి, నవ్వి, బల్ల మీద పెట్టాడు.

"వీడుండగా ఇదెందుకు మేడం?"