కాలు తగిలిన వాయిద్యం

మా నాయన చెప్పులు కుట్టేవాడు. చెప్పు కుట్టాలంటే కాలు కొలవాలి. కొలవాలంటే కాలు పట్టుకోవాలి. మాదిగోడు పట్టుకుంటే మైల. అందుకని ఊళ్లోవాళ్లు మెత్తటి మట్టిలో కాలు మోపి పక్కకి జరిగేవాళ్లు. నాయన వంగి ఆ అచ్చుని పుల్లతో కొలుచుకునేవాడు. కుట్టి తెచ్చిన చెప్పులకి మాత్రం మైల ఉండేది కాదు. అదే నాయన ఊరి బజారున నడవాల్సొస్తే తన చెప్పులు చేత పట్టుకుని నడిచేవాడు.

ఆయన తోలు కోసుకునే చింత పలకతో నేను గిటారు చేశాను.

మీరనుకునే గిటారు కాదు. పెడల్ స్టీల్ గిటారు. బల్లలాగా నాలుగు కాళ్ల మీద నిలబడుద్ది. ఎడం చేత్తో తీగల మీద ఇనప కడ్డీ జరుపుతా, కుడిచేత్తో మీటుతా, కింద పాదంతో తొక్కాలి. తొక్కితే తీగ బిగుసుకుని స్వరం పైకి జారుద్ది. హవాయి దీవుల నుంచి వచ్చిన స్టీల్ గిటారుకి అమెరికావాళ్లు తగిలించిన పెడళ్లవి. ఆ దేశంలోనే 1930ల చివర్లో విల్లీ ఈసన్, ఆయన అన్న ట్రోమన్ లాంటి నల్లవాళ్లు తమ పెంతెకొస్తు చర్చిల్లోకి స్టీల్ గిటారు తెచ్చారు. తర్వాతి తరాలవాళ్లు పెడళ్లది అందుకున్నారు. 'సేక్రెడ్ స్టీల్' పేరుతో 1997లో రికార్డొచ్చింది. యూనివర్సిటీలో చదివే మా పల్లె కుర్రాడు 2003లో ఆ సీడీ తెచ్చి వినిపించాడు. చావు కాడ మా ఆడోళ్లు రాగం తీసి ఏడుస్తారే, ఆ గొంతు ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదికి ఎట్టా జారుద్దో అట్టాగే ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలా.

కొందామంటే లక్షల్లో మాట. నేను ఐటీఐ చదివిన ఫిట్టర్ని, లేతు షాపులో కూలి. చేసుకుందామనుకున్నా.

శ్రుతుల సంగతి కనుక్కుందామని టౌన్లో ఒక సంగీతం మేష్టారి దగ్గరకెళ్లా. వరండాలోనే నిలబెట్టి విన్నాడు. పాదాలతో తొక్కాలనగానే మొహం చిట్లించాడు. "పొరపాటున కాలు తగిలితే కళ్లకద్దుకునే వస్తువయ్యా వాయిద్యం! కాలితో తొక్కే సంగీతం మీవాళ్ల దగ్గరే నేర్చుకో" అన్నాడు. పద్యనాటకాల్లో కాళ్ల హార్మోనియం తొక్కినవాళ్లని ఇంత మాట ఎవరన్నా అన్నారా అని బస్సెక్కాక తోచింది. నాకు సరైన జవాబులన్నీ బస్సెక్కాకే తోస్తాయి.

రబ్బరు చెప్పులొచ్చి నాయన పని పడిపోయాక పలక గోడకి ఆనించి ఉండేది. అడిగితే చాలాసేపు మాట్లాడలా. "దాని మీదే మీరు అయిదుగురూ తిన్నార్రా" అన్నాడు. తర్వాత తనే తుడిచి ఇచ్చాడు. రంపె గాట్లు చిత్రిక పట్టకుండా అట్టాగే ఉంచా.

ఆరు తీగలు, రెండు పెడళ్లు. తీగ చివర ఒక ఇనప వేలికి తగిలించా. ఆ వేలు ఇరుసు మీద తిరగాలి, వెనక నుంచి కడ్డీ దాన్ని లాగాలి. మొదట సైకిలు బ్రేకు తీగ వాడితే అది సాగి, రోజుకో శ్రుతి పలికింది. సైకిలు పుల్లలు వేశాక కుదిరింది. పుల్ల చివర మర ఉంటది కాబట్టి నిపుల్ తిప్పి ఎంత లాగాలో అంతే పెట్టుకోవచ్చు. ఒక పెడలుకి పంచమం ధైవతం దాకా, రెండోదానికి గాంధారం మధ్యమం దాకా పోవాలి. చర్చిలో హార్మోనియం పక్కన కూర్చుని ఆ నాలుగు స్వరాలూ పట్టుకున్నా. ఒక తీగ లాగితే పలకే వంగి మిగతా తీగలు దిగిపోయాయి. కింద యాంగిలు ఇనుము వేశా. అప్పట్నుంచి మోయాలంటే ఇద్దరు కావాలి.

అయినా పైకెళ్లిన స్వరం పూర్తిగా కిందికి రాదే! నెలరోజులు ఏడిపించింది. నాయన ఒకరోజు చెవి పెట్టి విన్నాడు. "డప్పు కాస్తే పైకి పోద్ది, సల్లారితే దిగుద్ది. నీదానికి సల్లారటం రాలేదబ్బయా" అన్నాడు. వేళ్లు ఒకదాన్నొకటి రాసుకుంటన్నాయని ఆయనే పట్టాడు. పల్చటి తోలు బిళ్లలు కోసి, ఆరెతో బెజ్జం పొడిచి, ఆముదం పట్టించి ఇచ్చాడు. వేళ్ల మధ్య అవి పెట్టాక తీగ బుద్ధిగా వెనక్కొచ్చింది.

ఉద్యమంలో మిత్రులు అడిగారు, డప్పుండగా అమెరికా గిటారెందుకని. న్యాయమైన ప్రశ్నే. డప్పు మేం చేసుకున్నదే, దాని దరువు నా నెత్తుట్లో ఉంది. కానీ చావుకీ జాతరకీ కబురొస్తే జొరమున్నా లేచి పోయి కొట్టాలన్నది వాళ్లు పెట్టిన కట్టుబాటు. జొరంతో వణుకుతా పోయిన నాయన్ని చిన్నప్పుడు చూశా. నన్ను వాయించమని ఎవడూ హుకుం చెయ్యని వాయిద్యం ఒక్కటి కావాలనిపించింది. అంతకన్నా పెద్ద సిద్ధాంతం నా దగ్గర లేదు.

పెడళ్ల మీద నాయన దాచుకున్న అట్టతోలు ముక్కలు కుట్టాడు. కుట్టటం అయ్యాక, "నేను తొక్కచ్చా?" అన్నాడు. తొక్కమన్నా. చెప్పులు వాకిట్లో విడిచి, స్టూలు మీద కూర్చుని, పగుళ్లు తేలిన పాదం మెల్లిగా పెట్టాడు. నేను మీటా. స్వరం లేచింది. పాదం తీశాడు, దిగింది. మళ్లీ పెట్టాడు.

"చెప్పులేసుకుని తొక్కినా పలుకుద్దా?" అన్నాడు.

పలుకుద్దన్నా. వాకిట్లోకెళ్లి తొడుక్కుని వచ్చాడు.