కావలి కుక్కకు కాపలా ఎవరు?

పేరులోనే కాపలా ఉన్న ఊరు కావలి. నెల్లూరు నుంచి ఒంగోలు వెళ్లే దారిలో తగులుతుంది. జవహర్‌ భారతి కళాశాల ఉన్న ఊరంటే చాలామంది గుర్తుపడతారు. తుమ్మలపెంట తీరం దగ్గరే కాబట్టి సాయంత్రమైతే సముద్రపు గాలి వీస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం సిమెంటు గచ్చుమీద కాలు మోపడం కష్టం.

ఆ గచ్చుమీదే, గేటు పక్కన గొలుసుతో కట్టేసిన కుక్క ఉంటే? ఇంటికి తాళం, గిన్నె ఖాళీ, ఆగని అరుపులు... పక్కింటివాళ్లకు ముద్ద దిగదు. మనిషికి పట్టినట్టు కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి వగర్చడమే అది ఒళ్లు చల్లబరుచుకునే దారి. నీడా నీళ్లూ లేకపోతే ప్రాణానికే ముప్పు.

'వాళ్ల కుక్క, వాళ్లిష్టం' అనుకుంటారు చాలామంది. చట్టం అలా అనలేదు! 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్‌ ప్రకారం పెంపుడు జంతువుకు చాలినంత తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను కాస్త తిప్పకపోవడమూ నేరమే. శిక్ష మాత్రం మొదటిసారికి 10 నుంచి 50 రూపాయల జరిమానా!

అందుకే జరిమానాకంటే ముందు పలకరింపే మేలు. యజమాని ఆస్పత్రిలో ఉన్నాడేమో, ఊళ్లో లేడేమో. 'అన్నా, మీరు లేనప్పుడు నీళ్లు మేం పోస్తాంలే' అంటే తగవు రాదు. పక్కటెముకలు తేలినా, మెడపట్టీ కింద పుండు కనిపించినా పశువుల డాక్టరుకు చూపించమని చెప్పాలి. వినకపోతే అప్పుడు ఫిర్యాదు. రాత్రంతా కాపలా కాసే మూగజీవానికి పగలు చెంబెడు నీళ్లు పోసేవాళ్లు వీధిలో ఒక్కరైనా ఉండాలిగా!