పధ్నాలుగవ ఏట ఓడిన పందెం

మా కళాశాల వార్షిక క్రీడోత్సవాలకు నాలుగు రోజుల ముందు జరిగిన ఒక చిన్న సంఘటన ఈ వ్యాసానికి కారణం. సాయంకాలం తెలుగు తరగతి ముగించుకొని బయటికి వస్తున్నాను. వరండాలో విద్యార్థులు గుమిగూడి వాదించుకుంటున్నారు. ఒక విద్యార్థి, బుద్ధిమంతుడే, చదివినది మరువని వాడు, గట్టిగా అంటున్నాడు: "2017లో అమెరికా మహిళల ఫుట్‌బాల్ జట్టు, అప్పటికి ప్రపంచ విజేతలు, డల్లాస్‌కు చెందిన పదిహేనేళ్ళలోపు మగపిల్లల జట్టుతో ఆడి 5-2తో ఓడిపోయింది. ప్రపంచ విజేతలే బాలురకు చాలనప్పుడు వీరికి వేరే పందేలెందుకు? వేరే బహుమతులెందుకు?"

అందరూ నవ్వారు. ఒక అమ్మాయి మాత్రం నవ్వకుండా గోడవారగా నిలబడి ఉంది. మా కళాశాల బాలికలలో 400 మీటర్ల పరుగులో ఆమెను మించినవారు లేరు. మరునాడు ఆమె నా వద్దకు వచ్చి, "మేడం, నా పేరు కొట్టివేయించండి. నేను గెలిచినా అది గెలుపు కాదట కదా!" అన్నది.

నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ముప్పై సంవత్సరాల క్రితం ఇదే ప్రశ్నను నన్ను నేను వేసుకొని, జవాబు చెప్పేవారు లేక, పరుగు మానుకున్నదానను నేను.

మా మక్తల్ ఆనాడు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. 2019 నుండి నారాయణపేట జిల్లాలో ఉన్నది. రాయచూరు వెళ్ళే దారిలోని ఊరు కనుక ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, సంతలో కన్నడం మా చెవులకు పరిచితాలే. బడి వెనుక ఎర్రమట్టి మైదానం ఒకటి ఉండేది. పాలమూరు ఎండకు ఆ నేల పెనంవలె కాలేది. ఆ నేలమీద వట్టి కాళ్ళతో నేను పరుగెత్తేదాన్ని. ఆరు, ఏడు తరగతులలో నన్ను దాటిపోయిన బాలుడు మా బడిలో లేడు. మా ఖాలా కొడుకు నాకంటే కొద్ది నెలలు చిన్నవాడు, నా తరగతివాడే. పందెంలో నాకు ఓడిపోయి ఎన్నిసార్లు పల్లీపట్టీ కొని పెట్టాడో లెక్కలేదు. లాస్ ఏంజెలెస్‌లో 1984లో సెకనులో నూరవవంతు తేడాతో కాంస్య పతకం పోగొట్టుకున్న పి.టి. ఉష బొమ్మను పాత పత్రికలోనుండి కత్తిరించి నా పెట్టె మూతకు లోపలివైపు అంటించుకున్నాను.

తొమ్మిదవ తరగతిలో, 1993లో, సెలవుల తరువాత అదే మైదానంలో అతనితో మళ్ళీ పరుగెత్తాను. సగం దూరం వరకు భుజం భుజం కలిసే ఉన్నాం. ఆ తరువాత అతని వీపు నాకు కనిపించింది. అంతవరకు నేను ఆ వీపును ఏనాడూ చూచి ఎరుగను. మర్నాడు మళ్ళీ పరుగెత్తాను. మళ్ళీ అదే జరిగింది. నెల రోజులు తెల్లవారుజామున లేచి ఎవరూ చూడకుండా సాధన చేశాను. దూరం తగ్గకపోగా పెరిగింది. మా ఉపాధ్యాయులెవరూ కారణం చెప్పలేదు. అమ్మీ మాత్రం, "ఇక చాలు బేటీ, పెద్దదానివయ్యావు" అన్నది. నాలో ఏదో లోపం ఏర్పడిందనీ, నేను సోమరినయ్యాననీ నిశ్చయించుకున్నాను. ఉష బొమ్మను పెట్టె మూతనుండి నేనే ఊడదీశాను.

ఆనాడు నాకెవరూ చెప్పని సంగతిని ఈనాడు నా విద్యార్థినులకు చెప్పదలచుకున్నాను. ముందుగా సత్యాన్ని సత్యంగా ఒప్పుకుందాం. ఆ విద్యార్థి చెప్పిన ఫుట్‌బాల్ సంగతి నిజమే. అది లాంఛనంగా జరిగిన పోటీ కాదు, సాధన కోసం ఆడిన ఆట, అయినా ఫలితం ఫలితమే. మైలు పరుగు చూడండి. అమెరికా పాఠశాల విద్యార్థి జిమ్ ర్యూన్ 1964లో, పదిహేడేళ్ళ వయస్సులో, 3 నిమిషాల 59 సెకన్లలో మైలు పరుగెత్తాడు. కెన్యా దేశపు ఫెయిత్ కిప్యెగాన్, మహిళలలో ఆ దూరానికి సాటిలేని మేటి, 2025 జూన్‌లో పారిస్‌లో నాలుగు నిమిషాల హద్దును దాటాలని ప్రయత్నించింది. గాలిని కాచేందుకు తోటి పరుగువీరులు చుట్టూ ఉన్నారు. ప్రత్యేకమైన దుస్తులు, బూట్లు ఉన్నాయి. అయినా 4 నిమిషాల 6 సెకన్లకు పైగా పట్టింది. ఈటె విసరడంలో మన నీరజ్ చోప్రా 2016లో, పద్ధెనిమిదేళ్ళ ప్రాయంలో, 800 గ్రాముల ఈటెను 86.48 మీటర్లు విసిరాడు. మహిళల ప్రపంచ రికార్డు 600 గ్రాముల ఈటెతో 72.28 మీటర్లు.

మన తెలుగునాటి ఉదాహరణే తీసుకుందాం. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతపు కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో 110, 130 కిలోలెత్తి, మొత్తం 240 కిలోలతో కాంస్య పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం పొందిన మొదటి భారతీయ మహిళ ఆమె. అప్పటికి ఆమెకు ఇరవై అయిదేళ్ళు. అంతకు ముందు 1994, 1995 సంవత్సరాలలో ప్రపంచ విజేత. పద్ధెనిమిదేళ్ళ తరువాత, 2018లో, బ్యూనస్ ఎయిర్స్‌లో జరిగిన యువజన ఒలింపిక్స్‌లో మిజోరం బాలుడు జెరెమీ లాల్‌రిన్నుంగా 62 కిలోల తరగతిలో 124, 150 కిలోలెత్తి, మొత్తం 274 కిలోలతో స్వర్ణం సాధించాడు. అతనికి నిండా పదహారేళ్ళు లేవు. అంటే మల్లీశ్వరికంటే తక్కువ బరువు తరగతిలోని బాలుడు ఆమెకంటే 34 కిలోలు ఎక్కువ ఎత్తాడు.

ఈ అంకెలను దాచిపెట్టి మన ఆడపిల్లలకు ధైర్యం చెప్పబూనడం కల్ల. అయితే అంకె తెలిసినంత మాత్రాన కారణం తెలిసినట్లు కాదు.

పన్నెండేళ్ళ వరకు బాలబాలికల పరుగులో, ఈతలో వ్యత్యాసం స్వల్పం. యౌవనారంభంలో బాలుని దేహంలో టెస్టోస్టిరోన్ అనే స్రావం విస్తారంగా ఊరుతుంది. యుక్తవయస్కుడైన పురుషునిలో అది స్త్రీలో ఉండేదానికి పదిహేను రెట్లకు మించి ఉంటుంది. దానివల్ల కండ పెరుగుతుంది, ఎముక పొడవై గట్టిపడుతుంది, గుండె, ఊపిరితిత్తులు పెద్దవవుతాయి, రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ స్త్రీలకంటే సుమారు 12 శాతం ఎక్కువగా ఉంటుంది. అందుచేత మేటి క్రీడాకారుల మధ్య పరుగులో 10 నుండి 12 శాతం, దూకడంలో అంతకు మించి, బరువులెత్తడంలో ఇంకా మించి అంతరం ఏర్పడుతుంది. మా ఖాలా కొడుకు 1993 వేసవి సెలవులలో నాకంటే ఎక్కువ సాధన చేయలేదు. ఆ సెలవులలో అతడు మామిడితోటల వెంట తిరగడం తప్ప చేసినదేమీ లేదు. నేనూ సోమరిని కాలేదు. ఇద్దరి దేహాలూ తమ తమ దారులు పట్టాయి, అంతే.

ఇక "వేరే పందేలెందుకు?" అన్న ప్రశ్న. బరువులెత్తే పోటీలలో దేహపు బరువునుబట్టి తరగతులెందుకు పెట్టారు? జార్జియా దేశపు లాషా తలఖద్జే 2021లో 109 కిలోలకు పైబడిన తరగతిలో 492 కిలోలెత్తాడు. ఆ అంకె పక్కన జెరెమీ 274 కిలోలు చిన్నవే. అంతమాత్రాన జెరెమీ స్వర్ణాన్ని చూచి నవ్విన వారెవరైనా ఉన్నారా? నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల తరగతిలో, 2023లో ఢిల్లీలో 50 కిలోల తరగతిలో ప్రపంచ విజేత అయింది. ఆమె బాక్సింగ్ నేర్చుకొనే రోజులలో తోడుగా ఆడపిల్లలు లేక మగపిల్లలతోనే తలపడి సాధన చేసింది. సాధన ఎవరితోనైనా చేయవచ్చు. కాని పోటీ అన్నది శ్రమను, నేర్పును, గుండె నిబ్బరాన్ని తూచే త్రాసు. త్రాసులో ఒకవైపు ముందే రాయి వేసి ఉంటే తూకం తేలదు. ఆ రాయిని తీసివేయడానికే వయస్సు తరగతులు, బరువు తరగతులు, స్త్రీల తరగతి ఏర్పడ్డాయి. స్త్రీల పందెం దయతో విడిగా పెట్టిన పంక్తి అనుకొనే వారికి ఈ సంగతి మనవి చేయవలసి ఉంది.

కండబలం ప్రధానం కాని చోట ఈ అంతరం ఏమవుతుందో కూడా చూడాలి. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్కీట్ షూటింగ్ స్త్రీపురుషులకు కలిపి జరిగింది. చైనా యువతి జాంగ్ షాన్ పురుషులందరినీ మించి స్వర్ణం గెలిచింది. 1996లో ఆ పోటీలో స్త్రీలకు ప్రవేశమే లేకపోయింది; తమదైన పోటీ కోసం వారు 2000 వరకు ఆగవలసి వచ్చింది. 1926లో గెర్‌ట్రూడ్ ఎడెర్లె ఇరవయ్యవ ఏట ఇంగ్లీషు చానల్‌ను ఈది, తనకు ముందు ఈదిన పురుషులలో అందరికంటే వేగవంతునికన్న దాదాపు రెండు గంటలు ముందుగా ఒడ్డు చేరింది. మన కోనేరు హంపి 1999లో అహ్మదాబాదులో ఆసియా బాలల చదరంగ పోటీలలో పన్నెండేళ్ళలోపు మగపిల్లలతో ఆడి విజేత అయింది. 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. చదరంగంలోనూ నేడు అగ్రస్థానాలలో పురుషులే ఉన్నారు, నిజమే. అయితే ఆ బల్లల ముందు కూర్చొనే ఆడపిల్లలెందరు? వారిలో యౌవనం వచ్చిన తరువాత కూడా కూర్చోనిచ్చేవారెందరు?

అవకాశాల చరిత్రను మరచి అంకెలను మాత్రమే చదివితే అర్థం పూర్తి కాదు. ఒలింపిక్స్‌లో పరుగు పందేలకు స్త్రీలను 1928లో రానిచ్చారు. 800 మీటర్లు ఆడవారికి తగదని ఆ వెంటనే తొలగించి 1960 వరకు మళ్ళీ పెట్టలేదు. స్త్రీల బరువులెత్తే పోటీ 2000లో, బాక్సింగ్ 2012లో ప్రవేశించాయి. రెండుసార్లు ప్రపంచ విజేత అయిన మల్లీశ్వరికి ఒలింపిక్ ద్వారం ఇరవై అయిదవ ఏట గాని తెరుచుకోలేదు. సిడ్నీలో చివరి ప్రయత్నంలో స్వర్ణం కోసం 137.5 కిలోలకు చేయి చాచి ఎత్తలేకపోయింది. ఆ సాహసాన్ని ఏ బాలుని అంకెతో కొలవగలం?

ఈ విషయాలన్నీ నేను తెలుసుకొనే సరికి నా పరుగు వయస్సు దాటిపోయింది. కొన్నేళ్ళ క్రితం ఒక పెళ్ళిలో మా ఖాలా కొడుకు కలిశాడు. జుట్టు నెరసింది, పొట్ట పెరిగింది. మాటల మధ్య ఆ పందెం గుర్తు చేశాను. అతడు నవ్వలేదు. "ఆపా, ఆనాడు నీవు కావాలని ఓడిపోయావనుకున్నాను. నామీద కోపమొచ్చి పరుగు మానేశావనుకున్నాను. ఇన్నేళ్ళూ అడగాలంటే భయమేసింది" అన్నాడు. ఒక్క ఉపాధ్యాయుడు ఆనాడు మా ఇద్దరినీ కూర్చోబెట్టి పది నిమిషాలు చెప్పి ఉంటే, అతడు ఆ బరువు మోసేవాడు కాదు, నేను పరుగు మానేదాన్ని కాదు.

ఈ మాటలే మా విద్యార్థినికి చెప్పాను. అంకెలన్నీ కాగితంమీద వ్రాసి ఇచ్చాను. అనుకూలమైనవీ, ప్రతికూలమైనవీ కూడా. "నీ పందెం నీతో సమానంగా బయలుదేరినవారితో. ఆ తరువాత నిన్నటి నీతో. పేరు కొట్టివేయాలంటే నీవే కొట్టివేయి" అని కలం చేతికిచ్చాను. ఆమె కాగితం చాలాసేపు చదివింది. కలం తిరిగి నా బల్లమీద పెట్టి వెళ్ళింది.

క్రీడోత్సవం నాడు ఆమె పరుగెత్తింది. గడియారం పట్టుకొని గీత దగ్గర నిలబడింది ఎవరనుకున్నారు? వరండాలో వాదించిన ఆ విద్యార్థే. ఆ పని తానే అడిగి తీసుకున్నాడు. ఆమె మొదట వచ్చింది. అతడు గడియారం చూచి, "పోయిన సంవత్సరంకంటే రెండు సెకన్లు తక్కువ!" అని అందరికంటే గట్టిగా కేక వేశాడు.

మన ఊళ్ళలోని తల్లులకు, ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. మీ ఇంట్లో, మీ బడిలో పరుగెత్తే పిల్ల ఉంటే, ఆమె ఏడవ తరగతిలో ఉండగానే ఈ మాట చెప్పండి: "రేపోమాపో నీతో ఆడిన పిల్లవాడు నిన్ను దాటిపోతాడు. అది నీ తప్పు కాదు, అతని గొప్పా కాదు. నీవు మాత్రం ఆగకు." మాకు పదవ తరగతికి వచ్చాక లెక్కలు, సైన్సు ఎన్నోసార్లు తిరిగి చెప్పారు. ఈ ఒక్క ముక్క మాత్రం ఎవరూ చెప్పలేదు.